పోటా, పాటా?

ఏమండీ, మీ ఇంట్లో ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదివే పిల్లలెవరైనా ఉన్నారా? లేకపోతే ఎదురింట్లో ఉంటారు లెండి. పదో తరగతి గట్టెక్కి, కొత్త కాలేజీ, కొత్త స్నేహాలు అనుకుంటూ గాల్లో తేలుతున్న ఆ పిల్లల నెత్తిన లెక్కల మాస్టారు పెట్టే పెద్ద బరువుల్లో ఒకటి ‘ప్రమేయాలు’. మొన్నమొన్నటిదాకా ఏళ్ల తరబడి ‘వన్ ఏ’ పుస్తకంలో తొలి పాఠం అదే. తెలుగు మీడియం వాళ్లకి అన్వేకం, సంగ్రస్తం, ద్విగుణం. ఇంగ్లీషు మీడియం వాళ్లకి వన్ వన్, ఆన్‌టూ, బైజెక్షన్. ఏ మీడియంలో చదివినా బెదురు మాత్రం ఒకటే. ఆ బెదురులో చేసే పని కూడా ఒకటే: అర్థమయ్యేదాకా ఆగే ఓపిక లేక సిద్ధాంతాన్ని బట్టీ కొట్టేసి, మార్కులు జేబులో వేసుకుని, పరీక్ష హాలు గుమ్మం దగ్గరే పాఠాన్ని వదిలేసి రావడం.

మార్కులు వద్దని నేననను. కానీ ఆ పాఠమంతా తిరగేస్తే అందులో ఉన్నవి రెండే ప్రశ్నలండీ. ఇది ఇస్తే ఏమొస్తుంది? అది వచ్చిందంటే ఏమిచ్చి ఉంటారు? మొదటిది ప్రమేయం, రెండోది విలోమం. మొదటి ప్రశ్నకి జవాబు చెప్పేవాళ్లు ఊరి నిండా ఉంటారు. లోకంలో డబ్బూ, పరువూ, ఒక్కోసారి ప్రాణాలూ ఆధారపడేది రెండో ప్రశ్న మీద. పైగా అది ఊరికే రాదు, దానికి ఏదో ఒకటి చెల్లించుకోవాలి. ఆ చెల్లించేదేమిటో మన బందరు, గుడివాడ, దివిసీమల్లోనే తిరుగుతూ మాట్లాడుకుందాం. కాగితం, పెన్సిలు అక్కర్లేదు. వక్కపొడి ఉంటే చాలు.

ముందు గుడివాడ. అక్కడ లెక్కంటే ధాన్యం లెక్క. కేంద్రం మద్దతు ధర ప్రకటించేది క్వింటాలుకి. 2025–26 ఖరీఫ్‌కి సాధారణ రకం క్వింటాలు 2,369 రూపాయలుగా ఉండేది. కానీ మన రైతు నోట్లో క్వింటాలు తిరగదు. ఆయనకి బస్తా కావాలి, 75 కిలోల బస్తా. క్వింటాలు ధరలో ముప్పావు వంతు బస్తా ధర. 2,369లో ముప్పావు 1,776 రూపాయల 75 పైసలు. చిల్లర సర్ది 1,777 అంటారు. ఏ క్వింటాలు ధర చెప్పినా బస్తా ధర ఒక్కటే వస్తుంది. తెలిసినవాడికి ఒకటి, తెలియనివాడికి ఒకటి ఉండదు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఉండదు. ఒక ప్రశ్నకి ఒకే జవాబు. ప్రమేయం అనిపించుకోవడానికి కావలసిన అర్హత అంతకు మించి ఏమీ లేదు.

ఇప్పుడు తిరగేద్దాం. కళ్లంలో ధాన్యం రాశి పోసి ఉంది, మబ్బు పట్టింది. దళారి వచ్చాడు. “బస్తా పదిహేనొందలు, డబ్బు ఇప్పుడే” అన్నాడు. క్వింటాలుకి ఎంత పడ్డట్టు? చాలామంది నోటిలెక్క ఇలా నడుస్తుంది: క్వింటాలు నుంచి బస్తాకి వచ్చేటప్పుడు పావు వంతు తగ్గించాం, కాబట్టి వెనక్కి వెళ్లేటప్పుడు పావు వంతు కలుపుదాం. పదిహేనొందలకి పావు కలిపితే 1,875. తప్పండీ! ఎందుకంటే తగ్గించినప్పుడు తీసింది మొత్తంలో పావు. ఇప్పుడు చేతిలో మిగిలింది మూడు పావులే. పోయిన పావు ఆ మిగిలినదానిలో మూడో వంతు. పావు తీసినచోట మూడో వంతు పెట్టాలి. పదిహేనొందలకి అయిదొందలు కలిపితే 2,000. అదీ సరైన ధర. మద్దతు ధర కంటే 369 రూపాయలు తక్కువ. పావు కలిపినవాడు మాత్రం 494 పోయిందనుకుని ఇంకో 125 అదనంగా బాధపడతాడు.

చూశారా, ఇంత చిన్న లెక్కలోనే వెళ్లిన దారి వేరు, వచ్చే దారి వేరు అయిపోయింది. ఇంకో తమాషా చూడండి. సర్దిన 1,777 పట్టుకుని వెనక్కి వెళ్తే క్వింటాలు 2,369 రూపాయల 33 పైసలు వస్తుంది. ఆ 33 పైసలు ఎక్కణ్ణించి ఊడిపడ్డాయి? చిల్లర సర్దేశాం కదా, అక్కణ్ణించి. 1,776 రూపాయల 75 పైసలైనా, 1,777 రూపాయల 20 పైసలైనా సర్దిన తరవాత 1,777 రూపాయలే. రెండు వేరు వేరు అంకెలు ఒకే అంకె కింద దాక్కున్నాక, పైనుంచి చూసినవాడికి ఏది ఏదో తెలియదు. వెనక్కి వచ్చే దారి మూసుకుపోయేది సరిగ్గా ఇక్కడే.

ఈ మూసుకుపోవడం మన రెవెన్యూ వాళ్లకి బాగా తెలుసు. అందుకే భూమికి రెండు లెక్కలు రాస్తారు. అడంగల్ సర్వే నంబరు వారీగా ఉంటుంది. 1-బి ఖాతా వారీగా ఉంటుంది. సబ్‌డివిజన్ చేసిన ఒక్కో ముక్కకి ఒక్కో పట్టాదారు అనుకుందాం, ఉమ్మడి ఆస్తుల తగాదాలు కాసేపు పక్కన పెడదాం. సర్వే నంబరు చెబితే పట్టాదారు పేరు వస్తుంది. ఒక ముక్కకి ఒకే పేరు. ఇది ప్రమేయమే.

“సూత్రం ఏదీ? ఎక్స్ స్క్వేర్ ప్లస్ వన్ లాంటిది ఒకటి ఉండొద్దూ?” అంటారేమో. అక్కర్లేదు. ఎఫ్ ఆఫ్ ఎక్స్ అని రాసే పద్ధతి 1734లో ఆయిలర్ మొదలుపెట్టినప్పుడు అందరి మనసులోనూ సూత్రమే ఉండేది. 1837లో డిరిక్లే వచ్చి, సూత్రంతో పనిలేదు, ప్రతి ఇచ్చినదానికీ ఒక ఖాయమైన జవాబు ఉంటే చాలన్నాడు. వీఆర్వో చేతిలోని రికార్డు ఆ లెక్కన పక్కా ప్రమేయం.

తిరగేయండి. ఫలానా ఆయన పొలం ఏది? చెరువు కింద అరెకరం, కాలవ పక్కన ఎకరం పది సెంట్లు, అత్తవారిచ్చింది ఇంకో ముప్పై సెంట్లు. ఒక పేరుకి మూడు ముక్కలు. ఒక ప్రశ్నకి మూడు జవాబులు వస్తే అది ప్రమేయం కాదు. అంటే సర్వే నంబరు నుంచి పేరుకి వెళ్లిన ఆ మొదటి ప్రమేయం అన్వేకం కాదన్నమాట. మరి రెవెన్యూ వాళ్లు ఏం చేశారు? విడి ముక్క కాకుండా ఆ మనిషి ముక్కలన్నిటినీ కట్టగట్టి ఒక ఖాతా నంబరు ఇచ్చారు. పేరు చెబితే కట్ట వస్తుంది. అదీ 1-బి.

ఇంకో సంగతి కూడా ఉంది. ఊళ్లో ఉన్న మనుషులందరి జాబితా పక్కన పెట్టుకుని 1-బిలో వెతకండి. సెంటు భూమి లేని కౌలు రైతు పేరు ఎక్కడా దొరకదు. ఆ పొలంలో నడుం వంచి నాట్లు వేయించిందీ, మందు కొట్టిందీ, అప్పు తెచ్చిందీ ఆయనే అయినా సరే. సర్వే నంబర్ల వైపు నుంచి బాణం ఒక్కటీ వచ్చి తగలని పేరు. పుస్తకం దీన్ని ‘సంగ్రస్తం కాదు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. డెల్టాలో పంట నష్టపరిహారం రాసేటప్పుడు ఆ ఒక్క ముక్క మీద ఎన్ని గొడవలు అవుతాయో మీకు నేను చెప్పాలా? అన్వేకమూ అయి, సంగ్రస్తమూ అయితేనే ద్విగుణం. ద్విగుణమైతేనే విలోమం. ఇంటర్ పిల్లలు బట్టీ కొట్టే ఆ వాక్యం వెనక ఉన్నది ఇంతే: ఇద్దరు ఒకే చోట ఇరుక్కోకూడదు, ఎవరూ బయట మిగిలిపోకూడదు.

ఇక బందరు రండి. ఊళ్లోకి కాదు, నేరుగా గిలకలదిండి హార్బరుకి. అక్కడ సముద్రంలోకి వెళ్లే మొగ పూడిపోతూ ఉంటుంది. అందుకని బోట్లు పోటు కోసం కాచుకుంటాయి. పోటెక్కితే నీళ్లు చాలతాయి, పాటు తీస్తే బోటు అడుగు ఇసకకి తగులుతుంది. టైము చెబితే నీరు ఎంత లోతుందో అక్కడి వాళ్లు చెప్పగలరు. టైముకి లోతు, ఒక టైముకి ఒకే లోతు. ప్రమేయం.

ఇప్పుడు వెనక్కి అడుగుదాం. గట్టు రాయి మీద ఒక గీత ఉంది, నీరు సరిగ్గా ఆ గీత దాకా వచ్చింది. టైమెంత? మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. నీరు ఆ గీతని ఎక్కుతూ రెండుసార్లు, దిగుతూ రెండుసార్లు తాకుతుంది. ఒక గీతకి నాలుగు టైములు. విలోమం లేదు.

లేదని వదిలేస్తే బోటు ఒడ్డునే ఉండిపోతుంది కదా! ఏం చేయాలి? ఇంకో రెండు ప్రశ్నలు వేయాలి. పగలా, రాత్రా? పోటా, పాటా? “పొద్దుటి పోటు” అన్నారనుకోండి, దాదాపు ఆరు గంటల ఆ ముక్కలో నీరు ఎక్కడమే తప్ప దిగడం లేదు. ఒక గీతని ఒక్కసారే దాటుతుంది. ఆ ముక్క మటుకు తీసుకుంటే విలోమం బంగారంలా ఉంది. ఇందాక ఏదో చెల్లించాలన్నానే, అది ఇదే. రోజంతా కావాలని పట్టుబడితే వెనక్కి రాలేం. రోజులో ముప్పావు వంతు వదులుకుంటే మిగిలిన పావులో హాయిగా రాకపోకలు సాగించవచ్చు.

త్రికోణమితిలో పిల్లల్ని ఏడిపించే ఆ గిరిగీతలు కూడా ఇవేనండీ. సైన్ ఇన్వర్స్ అనగానే మైనస్ పై బై టూ నుంచి పై బై టూ దాకానే అంటారు. ఎందుకక్కడే? అది సైను పోటెక్కే ముక్క. కాస్ ఇన్వర్స్‌కి సున్నా నుంచి పై దాకా అంటారు. అది కొసైను పాటు తీసే ముక్క. ఒకటి పోటు ముక్క, ఒకటి పాటు ముక్క, అంతే తేడా. ఆ హద్దులు పైనుంచి దిగొచ్చిన శాసనాలు కావు. వెనక్కి రావడానికి మనుషులు చేసుకున్న ఒప్పందం.

హార్బరు దాకా వచ్చాం కాబట్టి గ్రాఫుల్ని అటూ ఇటూ జరపడం కూడా ఇక్కడే చూసేద్దాం. ఒక పోటుకీ మరో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకని రోజు రోజుకీ పోటు దాదాపు 50 నిమిషాలు వెనకబడుతుంది. ఇవాళ ఆరింటికి నిండు పోటైతే రేపు ఆరూ యాభైకి. రేపటి గ్రాఫు గీయాలంటే ఇవాళ్టి గ్రాఫునే కుడివైపుకి 50 నిమిషాలు జరిపితే సరి. ఇక్కడే పిల్లలు మొరాయిస్తారు: “కుడికి జరపడమంటే పెంచడం కదా, పుస్తకంలో ఎక్స్ మైనస్ అని ఎందుకు రాస్తారు?” అని. న్యాయమైన ప్రశ్న. జవాబు పోటునే అడగండి. రేపు ఆరూ యాభైకి నీరెంత? ఇవాళ ఆరింటికి ఎంతో అంత. అంటే రేపటి టైములోంచి 50 నిమిషాలు తీసేసి ఇవాళ్టి పట్టీలో చూడాలి. గ్రాఫు ముందుకి జరిగింది కాబట్టే మనం వెనక్కి వెళ్లి వెతుకుతున్నాం. ఆ మైనస్ గ్రాఫుది కాదు, వెతికేవాడిది.

అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యచంద్రులు ఒకే వరసలో లాగుతారు కాబట్టి ఆ రోజుల్లోనూ ఆ వెంటనే ఒకటి రెండు రోజులూ పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా తీస్తుంది. అష్టమి ప్రాంతాల ఆ బలం తగ్గుతుంది. గ్రాఫు నిలువునా సాగి, నిలువునా నొక్కుకుపోయిందన్నమాట. ప్రమేయం బయట ఒక అంకెతో గుణించడమంటే ఇదే. పదిహేను రోజులకోసారి సముద్రం మన కళ్లెదుట చేసి చూపించే పని.

ఇక మిగిలింది గ్రాఫు మొత్తంగా పైకి లేవడం. బయట ఒక అంకె కలపడం. ఇది చెప్పేటప్పుడు దివిసీమ వాళ్లకి గుండె కలుక్కుమంటుంది. తుపాను వచ్చినప్పుడు గాలి సముద్రాన్ని ఒడ్డుకి తోస్తుంది, ఉప్పెన లేస్తుంది. వాతావరణ శాఖ హెచ్చరికల్లో ఉప్పెన ఇన్ని మీటర్లు అని ఊరికే చెప్పరు, మామూలు పోటు మట్టానికి పైన ఇన్ని మీటర్లు అంటారు. ఆ ‘పైన’ అన్నదే కూడిక గుర్తు. కాబట్టి ఉప్పెన ఎంతన్నదే కాదు, ఆ వేళ పోటు ఏ దశలో ఉందన్నదీ చూడాలి.

తిథులతో చూడండి. 1864 నవంబరు 1న బందరుని ముంచిన ఉప్పెన అమావాస్య వెళ్లిన రెండు రోజులకి వచ్చింది. పోటుకి నిండు బలం ఉన్న రోజులవి. సుమారు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చింది అమావాస్య వెళ్లిన ఎనిమిది రోజులకి, అంటే పోటుకి బలం లేని రోజుల్లో. అయినా సుమారు 5 మీటర్ల ఉప్పెన, పదివేల ప్రాణాలు. మన తీరంలో పోటుపాట్ల తేడా మనిషి ఎత్తుకి మించదు. దాని మీద అంత కూడిక పడ్డాక కింద గ్రాఫు నొక్కుకుని ఉందా సాగి ఉందా అన్న తేడా పెద్దగా మిగల్లేదు. మామూలు లెక్క పూర్తిగా తెలిసినవాడే ఇలాంటి రోజుని తట్టుకోవాలంటే ఎంత ఎత్తు మీద ఇల్లు కట్టాలో, తుపాను షెల్టరు అరుగు ఎంత ఎత్తు ఉండాలో చెప్పగలడు. గమనించారా, అదీ వెనక్కి అడిగే ప్రశ్నే: ఇంట్లోకి నీరు రాకూడదంటే అరుగు ఎక్కడ ఉండాలి?

సరే, మనసు తేలికపడేలా పెడన వెళ్దాం. బందరులో రైలెక్కి చిలకలపూడి దాటితే వచ్చేదే. కలంకారీ అద్దకం ఊరు. టేకు దిమ్మ మీద చిలక బొమ్మ చెక్కుతారు. బట్ట మీద చిలక కుడివైపు చూడాలంటే దిమ్మ మీద ఎడమవైపు చూడాలి. అచ్చు చెక్కేవాడు రోజంతా అద్దంలోని లోకంలోనే బతుకుతాడు. ఇలా కుడి ఎడమలు మార్చడానికి విలోమం ఏమిటి? మళ్లీ కుడి ఎడమలు మార్చడమే. రెండుసార్లు చేస్తే మొదటికి వస్తుంది. తనకి తానే విలోమమైన ప్రమేయం! గ్రాఫుల్లో కూడా విలోమాన్ని గీయాలంటే ఇలాగే అద్దం పెట్టాలి. కాకపోతే అద్దం నిలువుగా కాకుండా మూల నుంచి మూలకి, ఎక్స్, వై సమానమయ్యే గీత మీద పెట్టాలి. అడ్డం నిలువవుతుంది, నిలువు అడ్డమవుతుంది. ఇచ్చింది వచ్చిందవుతుంది, వచ్చింది ఇచ్చిందవుతుంది.

అచ్చులు సరే, రంగుల సంగతి చూడండి. బట్టకి గంజి తీయాలి. కరక్కాయ నీళ్లలో నానబెట్టాలి. తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్లతో నలుపు గీతలు అద్దాలి. ఎరుపు రావాల్సినచోట పటిక అద్దాలి. ఉతకాలి. రంగు వేర్లూ ఆకులూ వేసి కాగులో ఉడకబెట్టాలి. పటిక పడ్డచోటే ఎరుపు పట్టుకుంటుంది. ఒక మెట్టు మీద ఒక మెట్టు, దీన్నే సంయుక్త ప్రమేయం అంటారు. వరస తప్పకూడదు. ముందు ఉడకబెట్టేసి తరవాత పటిక అద్దుతానంటే వచ్చేది వేరే ఏదో అవుతుంది.

మరి దీనికి విలోమం? ఎర్రటి పువ్వులున్న బట్ట ఇచ్చి మళ్లీ తెల్లబట్ట చేసిమ్మంటే? కుదరదు. ఇంతసేపూ విలోమం లేకపోతే లోటన్నట్టు మాట్లాడాను కదా, ఇక్కడ మాత్రం వెనక్కి రాకపోవడమే గొప్ప. ఎన్ని ఉతుకులు ఉతికినా వెలవని రంగు కోసమే 17వ శతాబ్దం మొదట్లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు బందరు రేవు వెతుక్కుంటూ వచ్చి కొట్లు తెరిచారు. మన అద్దకం గుడ్డల మోజుకి తమ నేతగాళ్ల పొట్ట కొట్టినట్టవుతోందని 1686లో ఫ్రాన్సు ప్రభుత్వం వాటిని నిషేధించేదాకా వెళ్లింది. విలోమం లేని ప్రమేయం తెచ్చిన తంటా అది.

పిల్లలు బట్టీ కొట్టే సిద్ధాంతం దగ్గరికి ఇప్పుడు వద్దాం. ‘జీ ఓ ఎఫ్’కి ఇన్వర్స్, ‘ఎఫ్ ఇన్వర్స్ ఓ జీ ఇన్వర్స్’ అనీ, కాదు, ‘జీ ఇన్వర్స్ ఓ ఎఫ్ ఇన్వర్స్’ అనీ గింజుకుంటారు. ఏది నిజం? బస్సెక్కి తేల్చుకుందాం. బందరు నుంచి చల్లపల్లి ఎఫ్. చల్లపల్లి నుంచి అవనిగడ్డ జీ. ముందు ఎఫ్, ఆ పైన జీ. మొత్తం ప్రయాణం జీ ఓ ఎఫ్. అవనిగడ్డలో డీఎస్సీ కోచింగు అయిపోయింది, ఇంటికి రావాలి. అవనిగడ్డ బస్టాండులో నిలబడి “ముందు చల్లపల్లి నుంచి బందరు వెళ్లే బస్సెక్కుతాను, చల్లపల్లికి తరవాత వస్తాను” అంటే కండక్టరు ఏమంటాడు? మొదట జీ ఇన్వర్స్, అవనిగడ్డ నుంచి చల్లపల్లి. తరవాత ఎఫ్ ఇన్వర్స్, చల్లపల్లి నుంచి బందరు. మొదట చేసేది కుడివైపు రాయడం ఆచారం కాబట్టి కాగితం మీద ‘ఎఫ్ ఇన్వర్స్ ఓ జీ ఇన్వర్స్’ అవుతుంది. రుజువులో ఉన్న గొడవంతా ప్రతి మజిలీలోనూ దిగడానికి, ఎక్కడానికి బస్టాండు ఉందా అని చూసుకోవడమే.

ఇంకొక్క కబురు చెప్పి లేస్తాను. మన బందరు కబురే. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో మకాం పెట్టాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పాగ్సన్ బందరు వచ్చి ఇక్కణ్ణించి గ్రహణం చూశాడు. సూర్యుడి అంచున లేచే మంటల కాంతిని విడదీసి చూసిన ఆ గ్రహణంతో మొదలైన వెతుకులాటే హీలియం దాకా వెళ్లింది. అయితే నేను చెప్పబోయేది హీలియం గురించి కాదు. ఈ పాగ్సన్ అంతకు పన్నెండేళ్ల ముందే, 1856లో, చుక్కల వెలుగు కొలవడానికి ఒక నియమం పెట్టాడు. నేటికీ ప్రపంచమంతా వాడేది అదే.

పాతకాలం నుంచీ చుక్కల్ని ఆరు తరగతులు చేశారు. బాగా మెరిసేవి ఒకటో తరగతి, కంటికి ఆనీ ఆననివి ఆరో తరగతి. ఒకటో తరగతి చుక్క ఆరో తరగతి చుక్క కంటే వంద రెట్లు వెలుగనుకుంటే, అయిదు మెట్లకి వంద రెట్లు, మెట్టుకి సుమారు రెండున్నర రెట్లు అన్నాడు పాగ్సన్. మన పెళ్లిళ్లలో పంతులుగారు ఆకాశంకేసి చూపించే వసిష్ఠుడు దాదాపు రెండో తరగతి, అరుంధతి నాలుగో తరగతి. రెండు మెట్ల తేడా అంటే రెండున్నరని రెండున్నరతో గుణించాలి, సుమారు ఆరు రెట్లు. పెళ్లికొడుక్కి అరుంధతి ఎందుకు కనబడదో లెక్క తేలింది కదా! పున్నమి చంద్రుడికీ సూర్యుడికీ తేడా 14 తరగతులు. మెట్టు మెట్టుకీ గుణించుకుంటూ పోతే సూర్యుడు సుమారు 4 లక్షల రెట్లు.

తరగతి చెబితే వెలుగు ఘాతంలో వస్తుంది. వెలుగు చెబితే తరగతి లాగరిథంలో వస్తుంది. ఒకదానికొకటి విలోమాలు. పాగ్సన్ సూత్రం విప్పి చూడండి: వెలుగుకి లాగరిథం తీయి, రెండున్నరతో గుణించు, ముందు మైనస్ పెట్టు, చివర ఒక అంకె కలుపు. లాగరిథం విలోమం. రెండున్నర నిలువు సాగదీత. వెలుగు పెరిగితే తరగతి అంకె తగ్గాలి కాబట్టి మైనస్, అద్దంలో తిరగేయడం. కలిపిన అంకె పైకి జరపడం. ఇంటర్ పాఠమంతా ఒక్క పంక్తిలో పెట్టేశాడు మహానుభావుడు. చుక్కల్లో ఎంత వెలుగుందో ఎవరూ అక్కడికి వెళ్లి చూడలేదు. ఇక్కడికి చేరిన వెలుగుని పట్టుకుని వెనక్కి అడిగారు. ఖగోళ శాస్త్రమంతా వెనక్కి అడగడమేనండీ. డాక్టరు జ్వరం చూసి రోగం ఏమిటనడమూ అదే. ఒకే జ్వరం పది రోగాలకి వస్తుంది కాబట్టి, విలోమం నేరుగా దొరకదు కాబట్టి, రక్తపరీక్ష రాసిచ్చి హద్దు కుదిస్తాడు.

కాబట్టి మీ పిల్లని “విలోమం ఉందా?” అని అడిగే ముందు “ఎక్కణ్ణించి ఎక్కడికి?” అని అడగండి. ఎక్స్ స్క్వేర్‌కి విలోమం ఉందా? అంకెలన్నీ తీసుకుంటే లేదు, మూడుకీ మైనస్ మూడుకీ తొమ్మిదే కాబట్టి. పొలం కొలతల్లోలాగా సున్నా, ఆ పైనవే తీసుకుంటే ఉంది, వర్గమూలం. సూత్రం అదే, హద్దు మారింది, జవాబు మారింది. ఇది తెలిసిన పిల్లకి ఎఫ్ పక్కన ఏ నుంచి బీకి గీసిన ఆ చిన్న బాణం అలంకారంగా కనిపించదు.

చివరగా ఇంటికి ఒక లెక్క. మిల్లు దగ్గర ఒకాయన మీ ధాన్యం క్వింటాలు ధరలోంచి తేమకని ముందు వంద రూపాయలు కోశాడు. మిగిలినదాన్ని ముప్పావు చేసి బస్తా 1,650 అన్నాడు. మొదట అనుకున్న క్వింటాలు ధర ఎంత? జవాబు నేను రాయను. వెనక్కి వచ్చేటప్పుడు ముందు వంద కలిపిన వాడికీ, ముందు మూడో వంతు కలిపిన వాడికీ 33 రూపాయల చిల్లర తేడా వస్తుందని మాత్రం చెబుతాను. ఆ రెంటిలో ఏది సరైనదో మీకు తోచిందా, మంచిది. తోచలేదా, ఈసారి మిల్లుకి వెళ్లేటప్పుడు ఇంటర్ చదివే పిల్లని వెంటబెట్టుకెళ్లండి. ఫీజులో కొంతైనా అక్కడే వసూలవుతుంది.